పదకొండో గల్లీ రోలర్

మా ఆయన భూమయ్య నెమ్మదస్తుడని కామాటిపుర పదకొండో గల్లీలో అందరూ అంటారు. అనేవాళ్లలో ఒక్కరూ ఆయనతో కాపురం చేయలేదు. తలుపు గొళ్లెం పెట్టి పడుకుని, లేచి ఒకసారి లాగి చూసి, మళ్లీ పడుకుని, మూడోసారి నన్ను లేపి "గొళ్లెం పెట్టిన్నా?" అని అడిగే మనిషిని నెమ్మదస్తుడు అనరు. ఏమంటారో నేను పదహారేళ్లుగా అంటూనే ఉన్నాను. ఇక్కడ చెప్పడం బాగుండదు.

ఆయన పని చైన్లు కట్టడం. రోడ్లు వేసే కంట్రాక్టరు శంకర్రావు దగ్గర రోలర్లు, కాంక్రీటు కలిపే మిషన్లు ఉన్నాయి. ఒక చోట పని అయిపోతే వాటిని ట్రైలర్ మీదికి ఎక్కించి ఇంకో చోటికి పంపాలి. ఎక్కించడానికి భూమయ్యతో కలిపి ఏడుగురి జట్టు ఉంది. ఎక్కినదాన్ని కదలకుండా కట్టడానికి మాత్రం ఒక్కడే, భూమయ్య. జట్టును నడిపిన పాత ముకాదం కాలం నుంచి ఆ జట్టులో ఒక కట్టుబాటు నడుస్తోంది. చైను కట్టినవాడే ట్రైలర్ మీద, డ్రైవర్ క్యాబిన్‌కు వీపు ఆనించి, బరువుకు ఎదురుగా కూర్చుని పోవాలి. దారిలో చైను సడలితే క్యాబిన్ రేకు మీద కొట్టి బండి ఆపించాలి. ఆపించేలోపే బరువు ముందుకు జారిందంటే మొదట దానికి దొరికేది వాడే. ఈ కట్టుబాటు పెట్టినవాడెవడో గానీ తెలివైనవాడు. అప్పటి నుంచి ఏ చైనూ ఊడలేదు.

నేను ఈ గల్లీలోనే పుట్టాను. మా ముత్తాత ఇక్కడికి రాళ్లు మోయడానికి వచ్చాడు. భూమయ్య పాలమూరు నుంచి ఒక సంచి పట్టుకుని వచ్చాడు. ఆ సంచిలో ఏముందని పెళ్లికి ముందు మా అమ్మ అడిగిస్తే, తాడు ఉందని చెప్పాడు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

శంకర్రావు కూడా మావాడే. వాళ్ల తాతా మా తాతా ఒకే చోట మట్టి మోశారు. ఇప్పుడాయన ఫియట్ కారులో తిరుగుతాడు, మా తాత సంగతి ఎత్తితే గడియారం చూసుకుంటాడు. ఎనభై మూడు శ్రావణంలో ట్రైలర్ బయలుదేరే ముందు భూమయ్య ఒక చైనులో సన్నటి పగులు కనిపెట్టాడు. వేరే చైను వచ్చేదాకా బండి కదలడానికి వీల్లేదని కూర్చున్నాడు. రెండు గంటలు పోయాయి. శంకర్రావు అందరి ముందూ మొహం వాచేలా చీవాట్లు పెట్టాడు.

"సూడు భూమయ్యా, నీది పని కాదు, అనుమానం రోగం. ఇంకొక్కసారి నీ వల్ల లేటయిందనుకో, చైన్ ముట్టనియ్య. గంప పట్టుకొని కంకర మొయ్యాలె. సమజయిందా?"

"అయింది సేటూ," అన్నాడట. ఇంటికి వచ్చి అన్నం తిని, చేయి కడుక్కుని, ఆ మాట నాకు చెప్పాడు. చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేచి గొళ్లెం చూడలేదు. దానికే నాకు భయం వేసింది. గంప మోయడం మాకు తప్పేమీ కాదు, మా ఇంటా వంటా ఉన్న పనే. కానీ ఆ మనిషికి పొలం లేదు, చదువు లేదు, మాట్లాడే నోరు లేదు. తాను కట్టినది ఏదీ కదలలేదనే ఒక్క మాటే ఉంది. అది కూడా పోతే ఆయన దగ్గర ఇంకేమీ మిగలదు.

ఇక రోలర్ సంగతి. ఆ ఏడు వానలు మా గల్లీ రోడ్డును తినేసి పోయాయి. వానలు వెనకబట్టాక కొత్త రోడ్డు పని శంకర్రావుకే దొరికింది. రోడ్డు మూడు రోజుల్లో అయిపోయింది. రోలర్ మాత్రం తొమ్మిది రోజులు మేముండే చాల్ ముందే నిలబడింది. పక్కింటి పెంటమ్మ దాని మీద మిరపకాయలు ఎండబెట్టింది. నేను దుప్పట్లు ఆరేశాను. అందరం దానికి అలవాటు పడుతున్నామనగా, దసరా ముందురోజు సాయంత్రం శంకర్రావు దిగాడు. రేపు పగలే రోలర్ ఊరి ఆ చివరనున్న ములుండ్ చేరాలన్నాడు. పండుగ కాబట్టి రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఎల్లుండి పొద్దున్నే అక్కడ ఇంజనీరు వస్తాడు అన్నాడు.

గల్లీ అంతా ఒంటికాలి మీద లేచింది. దసరా నాడు పనిముట్టుకు పూజ చేస్తాం. పూజ చేసినదాన్ని ఆ రోజు పనికి వాడం. తాపీ అయినా సరే, రోలర్ అయినా సరే.

"పనికెక్కడ వాడుతున్నం?" అన్నాడు శంకర్రావు. "రోలర్ పనేంది, రోడ్డు తొక్కుడు. రేపు అది తొక్కదు. ట్రైలర్ మీద కూసోని పోతది. దానిక్కూడ సెలవే."

పెంటమ్మ బుగ్గన వేలు పెట్టుకుని ఆలోచించి, అట్లయితే పూజ రెండింతలు చేయాలె అంది. అందరికీ న్యాయంగానే తోచింది.

పూజ నేనే ముందుండి చేశాను. ఎందుకు చేయను? దాని ఎదురుగా కూర్చుని ములుండ్ దాకా పోవలసినది నా మొగుడు. పొద్దున్నే తలస్నానం చేసి, నువ్వుల నూనెలో పసుపు కలిపి, ముందు చక్రానికి మూల మూలకూ పట్టించాను. ముందు చక్రమంటే చిన్నదేం కాదు, నా నడుమంత ఎత్తుండే ఇనప పీపా. వెనక రెండు చక్రాలూ పెంటమ్మ చూసుకుంది. బంతిపూల దండలు వేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఆ పైన పెద్ద గుమ్మడికాయ తెచ్చి దిష్టి తీసి, పగలగొట్టే శ్రమ ఎందుకని రోలర్‌తోనే తొక్కించారు. అది పని కిందికి రాదా అని ఎవరూ అడగలేదు.

భూమయ్య అప్పుడు వచ్చాడు. రోలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చక్రాన్ని వేలితో రాసి, ఆ వేలిని చూసుకున్నాడు. లోపలికి వెళ్లి కిరసనాయిలు డబ్బా, బూడిద, పాత గోనె తెచ్చాడు.

"ఏం జేస్తున్నవ్?" అన్నాను.

"కడుగుతున్న."

"ఏం కడుగుతున్నవ్?"

"చక్రం."

"పసుపు పెట్టిన చక్రం కడుగుతవా? పండుగ పూట? నీ కండ్లకు అది ఏం లెక్క కనవడ్తుంది?"

"నూనె లెక్క."

"అయ్యో నా రాత! ప్రతి దసరాకు పూస్తున్నం. ఎప్పుడన్న ఏమన్న అయిందా?"

"ఎప్పుడన్న పూసిననాడు ఎక్కించినమా?" అన్నాడు. "ఇనుం మీద నూనె ఉంటే జారుతది రత్నా."

ఆ మాటలో నాకు తప్పు దొరకలేదు. అందుకని గొంతు పెంచాను. ఏమేం అన్నానో నాకే గుర్తు లేదు గానీ, ఎదురు చాల్ మూడో అంతస్తు వాళ్లు కూడా బయటికి వచ్చి నిలబడ్డారంటే బాగానే అని ఉంటాను. ఆయన కడుగుతూనే ఉన్నాడు. కిరసనాయిలు, బూడిద, గోనె, మళ్లీ కిరసనాయిలు. అంటుకున్న గుమ్మడి గింజలను గోటితో గీకాడు. పదహారేళ్లలో నా మాట చెవిన వేసుకోకపోవడం అదే మొదలు.

పెంటమ్మ నా పక్కకు చేరి మెల్లగా అంది. "పసుపు కడిగిన చేతులతోని అదే బండెక్కుతడా వదినా? నాకైతే మంచిగ అనిపిస్తలేదు."

ఆ ఒక్క మాట నన్ను వదల్లేదు.

పది గంటలకు ట్రైలర్ వచ్చింది. డ్రైవర్ కిష్టయ్య మాకు తెలిసినవాడే, నన్ను అక్కా అంటాడు. భూమయ్య ముందు నేల చదునుగా ఉన్న చోటు చూసి ట్రైలర్ నిలబెట్టించాడు. ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టించాడు. ఎక్కే వాలు మీద చెక్క పలకలు వేయించాడు. ట్రైలర్ ఇనప నేల మీద కూడా రోలర్ నిలబడే చోట మందపాటి పలకలు పరిచాడు. రోలర్ ముందు చక్రం ఎక్కడ ఆగాలో సుద్దతో గీత గీశాడు. మరీ ముందుకు నిలబెడితే ట్రైలర్ మెడ మీద బరువు పడుతుందట, మరీ వెనక్కయితే ముందు భాగం తేలిపోతుందట. ఆ గీత గీయడానికే పావుగంట పట్టింది. శంకర్రావు కారుకు ఆనుకుని గడియారం చూస్తూ నిలబడ్డాడు.

రోలర్ మెల్లగా, తిన్నగా, గురకపెడుతూ ఎక్కింది. గీత మీద ఆగింది. భూమయ్య ముందు చక్రానికి ముందూ వెనకా చెక్క దిమ్మెలు తోసి, వాటిని పలకలకు సీలలు కొట్టి బిగించాడు. అప్పుడు జట్టువాళ్లు చాయకని పిలిచారు. ఆయన రానన్నాడు. పండుగ రోజన్నా ఒక చాయ తాగు అని ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని మూల మీది ఇరానీ హోటల్‌కు లాక్కుపోయారు. ఎవరి మాటా కాదనలేని మనిషి. పొద్దున్న నా ఒక్కదాని మాటే కాదన్నాడు.

శంకర్రావూ కిష్టయ్యా కూడా అటే పోయారు, గల్లీ ఆడవాళ్లు పండుగ వంటల్లో పడ్డారు, ట్రైలర్ దగ్గర ఎవరూ లేరు. నేను లోపలికి వెళ్లి నూనె సీసా తెచ్చాను.

దొంగతనమేం కాదు. ఇనుముకు మళ్లీ పసుపు ముట్టకపోతే ఆ బండిలో నా మొగుణ్ణి పంపడం నా వల్ల కాదు, అంతే. వెనక నుంచి ఎక్కి, ముందు చక్రం కింద, పలకల సందుల్లో, సీసాలో ఉన్నదంతా పోశాను. పిడికెడు పసుపు చల్లాను. పైన కనిపించకుండా పెద్ద బంతిపూల దండను చక్రం పొడుగునా పరిచాను. పోచమ్మ తల్లీ, కాపాడు అని దండం పెట్టి దిగాను. నూనె పలకల కిందికి, ఇనప నేల మీదికి దిగిపోతుందని నాకు తోచలేదు. పలకలు వేసింది ఇనుము మీద ఇనుము జారకుండా అని నేను ఏనాడైనా అడిగి తెలుసుకుంటే కదా!

జట్టు తిరిగి వచ్చింది. భూమయ్య నాలుగు మూలలా నాలుగు చైన్లు వేశాడు. ఒక్కొక్కదాన్నీ మర తిప్పి బిగించాడు. బిగించి ఇనప కడ్డీతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. చైను బిగువుగా ఉంటే గంటలా మోగుతుంది. నాలుగూ మోగాయి. ముందు చక్రం దగ్గరికి వచ్చి, పరిచిన దండను చూశాడు. నా వైపు చూశాడు. నేను వేరే వైపు చూశాను. దండను ముట్టుకోకుండా ముందుకు పోయి తన చోట కూర్చున్నాడు.

ట్రైలర్ కదిలింది. గల్లీ చివర, ఫాక్‌లాండ్ రోడ్డు మూల మీద, సామాను తోసుకుపోయే ఒక హాత్‌గాడీ అడ్డం వచ్చింది. కిష్టయ్య బ్రేకు వేశాడు. పెద్ద బ్రేకేం కాదు. రోలర్ కిందనుంచి కిర్రుమని శబ్దం వచ్చింది. రోలర్, దిమ్మెలు, పలకలు, అన్నీ కలిసి రెండు వేళ్లంత ముందుకు జరిగాయి. ముందు చైన్లు వేలాడాయి.

భూమయ్య క్యాబిన్ రేకు మీద కొట్టాడు. బండి ఆగింది. మేమంతా పరుగెత్తాం.

ఆయన దిమ్మెలు చూశాడు. కదలలేదు. సీలలు చూశాడు. ఊడలేదు. ముందు చైన్లు మళ్లీ బిగించి కడ్డీతో కొట్టాడు. మోగాయి. ఇంకోసారి కొట్టాడు. మళ్లీ మోగాయి. రోలర్ ఎందుకు జరిగిందో ఆయనకు తెలియలేదు. చైన్ల విషయంలో తనకు తెలియనిది ఒకటి ఉందన్నట్టున్న ఆ మొహం నేను ఎన్నడూ చూడలేదు.

"మళ్ల మొదలా?" అన్నాడు శంకర్రావు కారు దిగి. "చైన్ గట్టిగున్నదా లేదా?"

"గట్టిగనే ఉన్నది సేటూ. కానీ..."

"కానీ లేదు ఏం లేదు. ఇంకొక్క నిమిషం ఆగితే రేపటి సంది గంపనే. నీ ఇష్టం."

భూమయ్య రోలర్ వైపు చూశాడు. శంకర్రావు వైపు చూశాడు. కడ్డీ పట్టుకుని వెళ్లి మళ్లీ దాని ఎదురుగా కూర్చున్నాడు. కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. ఆయన ఎప్పుడూ కాళ్లు చాపుకుని కూర్చుంటాడు.

నేను నోరు మూసుకుంటే మొగుడికి పని మిగులుతుంది, మొగుడు మిగులుతాడో లేదో తెలియదు. నోరు తెరిస్తే మొగుడు మిగులుతాడు, పని పోతుంది. ఆలోచించవలసినంత పెద్ద లెక్కేం కాదు. కానీ తప్పు నాదని అందరి ముందు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు, అందుకని ఒక క్షణం పట్టింది. కిష్టయ్య గేరు వేశాడు.

"ఆపురా కిష్టయ్యా!" అని ట్రైలర్ ముందు అడ్డంగా నిలబడ్డాను. "నూనె నేనే పోసిన! చక్రం కింద, పలకల కింద, సీసెడు నూనె పోసిన! దండ తీసి సూడుండ్రి!"

నేను ఎక్కి నా చేతులతోనే దండ లాగేశాను. కింద పలకలు పచ్చగా మెరుస్తున్నాయి. శంకర్రావు నా వైపు చూడలేదు. ఆడవాళ్లతో గొడవ ఎందుకనుకున్నాడేమో, భూమయ్య మీదే పడ్డాడు.

"చైన్ ఏసే ముందు కింద సూసుకోవా? గిదేనా నీ జాగ్రత్త? అనవసరంగ సూస్తవ్, సూడాల్సింది సూడవ్!"

"తప్పు నాదే సేటూ. సూడలే," అన్నాడు భూమయ్య.

నాకు ఒళ్లు మండింది. "పోసింది నేనయితే తప్పు నీదెట్లయితది? నన్ను కాపాడాల్సిన పని లేదు నీకు."

"కాపాడుతలేను," అన్నాడు. "పోసుడు నీ పని. సూసుడు నా పని. నేను నా పని చెయ్యలే."

"ఎందుకు సూడలే మరి?" అని అరిచాడు శంకర్రావు.

భూమయ్య నేల చూశాడు. "దండ ఉండె," అన్నాడు. "పొద్దుగాల ఒకసారి కడిగిన. ఆమె ఏడ్చినంత పని చేసింది. మళ్ల ముట్టుకోబుద్ధి కాలే."

శంకర్రావుకు ఏం అర్థమైందో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ రోడ్డు మధ్యలో కళ్ల నీళ్లు తిరిగాయి. జన్మలో ఎవరినీ నమ్మక అన్నీ మూడుసార్లు చూసుకునే మనిషి, నా కోసం ఒక్కసారి చూడలేదు. ఆ ఒక్కసారికే ఇంత అయింది.

చైన్లు ఇప్పారు. ట్రైలర్‌ను వెనక్కి, చదును నేల మీదికి తెచ్చి రోలర్‌ను దింపారు. పలకలు లేపి, ఇనప నేలను కిరసనాయిలుతో, బూడిదతో, సబ్బుతో కడిగాం. నేనే కడిగాను, సగం గల్లీ ఆడవాళ్లు కడిగారు. పెంటమ్మ నోరెత్తకుండా కడిగింది. నేల ఆరేదాకా భూమయ్య ఎవరినీ దాని మీద అడుగు పెట్టనివ్వలేదు. కొత్త పలకలు తెప్పించాడు. పలకల కిందా పైనా పాత టైరు ముక్కలు పరిచాడు. రబ్బరు పట్టుకుంటుందన్నాడు. మళ్లీ సుద్దగీత, మళ్లీ దిమ్మెలు, మళ్లీ నాలుగు చైన్లు. ఈసారి ప్రతిదాని కిందికీ వంగి చూశాడు. మధ్యాహ్నం రెండు దాటింది. ఎవరూ అన్నం తినలేదు.

అంతా అయ్యాక కడ్డీ తీసుకుని ట్రైలర్ ఎక్కబోతుంటే శంకర్రావు ఆపాడు.

"నువ్వు దిగు. మాటంటే మాటే. ఇయ్యాల్టి సంది నువ్వు చైన్ మనిషివి కాదు. ఇంకెవలన్న కూసోండ్రి."

జట్టులో మిగిలిన ఆరుగురూ ఆరు దిక్కులు చూశారు. కట్టినవాడే కూర్చోవాలె కదా సేటూ అని ఒకడు గొణిగాడు. వాళ్లకు గుర్తొచ్చింది కట్టుబాటో, పొద్దున జారిన రోలరో, ఇప్పటికీ తేలలేదు. శంకర్రావు అయితే ఎవరూ లేకుండానే పొమ్మన్నాడు. కిష్టయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఎనక సూసేటోళ్లు లేకుండ బండి తియ్య సేటూ. నాకు ముందటికి సూసే కండ్లే ఉన్నయి."

భూమయ్య కడ్డీ పట్టుకునే నిలబడ్డాడు. ఆ ఆరుగురి మొహాలూ ఒక్కొక్కటే చూస్తున్నాడు. తాను కట్టినదాని ముందు కూర్చోవడానికి ఒక్కడు కూడా ముందుకు రాలేదు. పని పోయినందుకు కాదు, దానికి ఆయన మొహం మాడిపోయింది. నేను చూడలేకపోయాను.

కొంగు నడుముకు చెక్కి ట్రైలర్ ఎక్కాను. వెళ్లి క్యాబిన్‌కు వీపు ఆనించి కూర్చున్నాను.

"దిగు," అన్నాడు భూమయ్య.

"దిగ."

"రత్నా, దిగు. ఇది నీ జాగ కాదు."

"నీ కట్టు గట్టిదేనా?"

"గట్టిదే."

"గట్టిదయితే నేనెందుకు దిగాలె?"

నాలాగా గొంతు పెంచడం ఆయనకు చేతకాదు. శంకర్రావు ఏదో అనబోయాడు. గల్లీ ఆడవాళ్లందరూ ఒకేసారి ఆయన వైపు తిరిగేసరికి వెళ్లి కారులో కూర్చున్నాడు. భూమయ్య కడ్డీ నా చేతికిచ్చాడు.

"దాదర్‌ల ఆపుత అన్నడు కిష్టయ్య. నాలుగూ కొట్టి సూడు. గంట లెక్క మోగాలె. డబ్బా లెక్క మోగితే దిగిపో, అక్కడనే ఉండు. కాళ్లు ముందటికి చాపకు."

బండి కదలగానే ఆయన రైల్లో ములుండ్ చేరాలని గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు పరుగు తీశాడు. భూమయ్య పరుగెత్తగా నేను చూడడం అదే మొదలు. బాగా పరుగెత్తడు.

ఇల్లు దాటగానే నా ధైర్యం దిగిపోయింది. పది టన్నుల ఇనుము బారెడు దూరంలో నా మొహంలోకి చూస్తూ వస్తోంది. నాగ్‌పాడా, బైకల్లా, లాల్‌బాగ్. పండుగ బట్టలు కట్టుకున్న జనం ఆగి చూశారు. దేవీ ఊరేగింపు అనుకుని ఒక ముసలమ్మ దండం పెట్టింది. నేనూ పెట్టాను, ఆమెకు కాదు. ఈ మనిషి ఇన్నేళ్లుగా నెలకు నాలుగుసార్లు ఇక్కడ కూర్చుని పోతున్నాడు. నేను ఇంట్లో కూర్చుని, గొళ్లెం మూడుసార్లు చూస్తాడని తిడుతున్నాను. నాకు సిగ్గేసింది. ఉన్నమాట చెప్పాలంటే ఏడుపే వచ్చింది.

దాదర్‌లో దిగి నాలుగు చైన్లూ కొట్టాను. నాలుగూ మోగాయి. నమ్మకం చాలక మళ్లీ కొట్టాను. మూడోసారి కూడా కొడుతుంటే కిష్టయ్య నవ్వి, "అక్కా, బావ తాన నేర్చుకున్నవా?" అన్నాడు. నోరు మూసుకుని బండి నడపమన్నాను.

సయన్ దగ్గర ఒక టాక్సీవాడు ఎక్కడినుంచో వచ్చి బండి ముందు దూరాడు. కిష్టయ్య నిలబడి బ్రేకు తొక్కాడు. నా తల వెళ్లి క్యాబిన్ రేకుకు తగిలింది. కళ్లు గట్టిగా మూసుకుని "పోచమ్మా!" అని అరిచాను. చైన్లు ఒక్కసారి బిర్రుమన్నాయి. ఆ తర్వాత టాక్సీవాడిని కిష్టయ్య తిట్టే తిట్లు తప్ప ఇంకేమీ వినిపించలేదు. కళ్లు తెరిచాను. సుద్దగీత మీద ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది రోలర్. వెంట్రుకవాసి కదలలేదు.

ములుండ్ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. భూమయ్య అప్పటికే పని జరిగే చోట గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. దాదర్‌లో రైలు మారి మాకన్నా ముందే వచ్చాడు. అంగీ చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. నా దగ్గరికి వస్తాడనుకున్నాను. రాలేదు. చైన్ల దగ్గరికి పోయి నాలుగూ కొట్టి విన్నాడు. అప్పటికే అక్కడ ఉన్న శంకర్రావు వచ్చి పక్కన నిలబడ్డాడు. దారిలో ఏం జరిగిందో కిష్టయ్య ఆయనకు చెప్పాడు, టాక్సీ సంగతి కాస్త పెంచే చెప్పాడు. శంకర్రావు వంగి సుద్దగీత చూశాడు. లేచి ఒకసారి దగ్గాడు.

"ఏం సూస్తున్నవ్? చైన్లు ఇప్పు," అన్నాడు.

"ముట్టొద్దన్నవ్ గద సేటూ."

"అన్న. ఇప్పుడు ఇప్పుమంటున్న. బుధవారం మిక్సర్ పోవాలె, అది గూడ నువ్వే కట్టు," అని గడియారం చూసుకుంటూ వెళ్లిపోయాడు.

భూమయ్య చైన్లు విప్పడం మొదలుపెట్టాడు. నేను ట్రైలర్ అంచున కూర్చుని చూస్తున్నాను. మూడు విప్పేదాకా ఒక్క మాట లేదు. ఇంత పని చేసి వచ్చిన పెళ్లాన్ని మెచ్చుకోకపోతే పోనీ, తిట్టనైనా తిట్టవచ్చు కదా అని నాకు కోపం ముంచుకొచ్చింది.

"ఏమన్న అనరాదు?" అన్నాను.

నాలుగో చైను మర తిప్పుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఇన్నేండ్ల సంది కడుతున్న. నేను కూసున్నప్పుడు ఎన్నడు నాకు భయం కాలే. ఇయ్యాల రైల్ల నిలవడలేకపోయిన రత్నా. మంచిగనే కట్టిన్నా, సక్కగ కట్టిన్నా అని, దాదర్ల రైలు మారేటప్పుడు మీ బండి కాడికే పోదామనుకున్న. నా కట్టు మీద నాకే నమ్మకం లేకపాయె."

చైను వదులై ఆయన చేతిలోకి వచ్చింది. దాన్ని చుట్ట చుట్టబోతే కొస జారిపోయింది. నేను దిగి ఆ కొస అందుకున్నాను. ఇద్దరం చుట్టాం.